పేరు పిలవని కొవ్వొత్తి

మాచర్లలో నేనున్నది మూడు రోజులే. సాగర్ డ్యాం పని చూడ్డానికి వచ్చిన ఒక తూర్పు యూరప్ ఇంజినీరుకి దుబాసీగా వెళ్లాను. ఆయన ఎవరితో ఏం మాట్లాడిందీ రోజూ రాసి పంపడం కూడా నా పనే. ఆ కాగితాలు ఎక్కడికి పోతాయో నేనెప్పుడూ అడగలేదు.

ఆ సాయంత్రం క్రైస్తవుల సమాధుల పండగ. దారి పక్కన కొత్తగా సున్నం కొట్టిన సమాధుల మీద కొవ్వొత్తులు చూసి ఆయన ఆగిపోయాడు. భర్త సమాధి తుడుస్తున్న మరియమ్మ అనే ముసలామె నన్ను పిలిచి, "ఏందయ్యా, మీ దొరకి పోయినోళ్లెవరన్నా ఉన్నారా?" అంది.

అడిగాను. ఆయన ఒళ్లు మరిచి చెప్పుకుపోయాడు. యుద్ధకాలంలో ఆయన భార్య కమ్యూనిస్టు పార్టీ ఉత్తరాలు కోటు లోపల కుట్టుకుని సరిహద్దులు దాటించేది. శత్రువులకు ఒక్కసారీ దొరకలేదు. యుద్ధం అయ్యాక సొంత పార్టీవాళ్లే గూఢచారి అని కాల్చేశారు. ఎక్కడ పూడ్చారో ఆయనకి చెప్పలేదు. ఇంత చెప్పినా ఆమె పేరు మాత్రం ఆయన ఎత్తలేదు.

నేను తెలుగులో చెప్పాక మరియమ్మ ఒక కొవ్వొత్తి ఆయన చేతిలో పెట్టింది.

"దూరాన పోయినోళ్లకి ఆ పెద్ద సిలువ కాడ ఎలిగిస్తామయ్యా. పేరు పెట్టి గట్టిగా పిలవాల. లేకపోతే తనదేనని ఆయమ్మకెట్టా తెలుస్తది?"

ఆయన వెలిగించాడు. పెదవులు కదిలాయి. అంతలో నా జేబులోని నోటుబుక్కు మీద ఆయన చూపు పడింది. నోరు మూసుకున్నాడు.

"పిలవమనయ్యా," అంది మరియమ్మ.

ఆ ఒక్క మాట నేను అనువదించలేదు. కొవ్వొత్తి కరిగిపోయేదాకా ముగ్గురం అట్లాగే నిలబడ్డాం.

బసకు వచ్చి రిపోర్టు రాశాను. అంతా రాశాను. భార్య పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలాను.