నాలుగు వందల పన్నెండో కన్ను

మాస్టారిని వెనకాల మేమంతా ‘నల్లటేపు’ అనేవాళ్ళం. ఉపగ్రహాల కెమెరాలను పైకి పంపేముందు చీకటి గదిలో పరీక్షించడం ఆయన పని. ఏ మూల చిన్న దీపం మిణుకుమన్నా దానిమీద నల్లటేపు పడాల్సిందే. ముల్లు మెరుస్తోందని పెద్దసారు చేత కూడా గుమ్మంలోనే గడియారం విప్పించిన ఘనుడు. ముక్కుసూటి మనుషుల్ని మెచ్చుకోవడం తేలికే, వాళ్ళతో పనిచేయడమే ప్రాణసంకటం.

ఇరవై ఆరేళ్ళు ఆ గదిలోనే గడిపారు. ముందు ఒక్కో రంగు వెలుగూ పంపి, కెమెరా దేనికెంత పలుకుతోందో చూసేవారు. తర్వాత అన్నీ ఆర్పేసి, ఆ కటిక చీకట్లోనూ దాని వేల కళ్ళు, అంటే వెలుగును పట్టే చుక్కలు, తమలో తాము గొణిగే గొణుగుడును కొలిచేవారు. దాన్నే మేం రొద అంటాం. అది మూడు దాటకూడదు.

ఆ ఏడాది కెమెరాలో నాలుగు వందల పన్నెండో కన్ను అయిదు చూపించింది. మళ్ళీ కొలిచారు. అయిదే. ఉపగ్రహానికి బిగించడానికి తొమ్మిది రోజులే ఉన్నాయి.

“వంద చిత్రాలు తీసి సగటు కట్టండి మాస్టారూ, అణిగిపోతుంది,” అన్నారు పెద్దసారు.

“అణగక చస్తుందా? పైకెళ్ళాక ఒక చోటుని ఒక్కసారే చూస్తుంది సార్. వందసార్లు చూసుకోమని భూమి ఆగుతుందా? నేను సంతకం పెట్టను.”

మర్నాడే ఆయన్ని స్టోర్సుకు మార్చి, ఆ కుర్చీ నాకిచ్చారు. నాకు పని నేర్పిందే ఆయన. వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగారు.

“అమ్మాయ్, ఆ కన్ను సంగతి గుర్తుందిగా. సగటు కట్టావంటే నీ మెడకే చుట్టుకుంటుంది.”

తలూపాను. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ వారమే సగటు కట్టి సంతకం పెట్టాను. అయిదు కాస్తా అర అయింది. చూడముచ్చటగా ఉంది.

కెమెరా పైకెళ్ళింది. అడవి మీదైనా సముద్రం మీదైనా, వచ్చిన ప్రతి బొమ్మలోనూ, ఆ కన్ను చూసిన దారంతా, పైనుంచి కిందికి ఒకటే గీత. విచారణ పెట్టి మాస్టారినీ పిలిపించారు. సగటు కట్టమన్నది పెద్దసారేనని ఆయన చెప్పారు. కాగితం ఉందా అన్నారు. నోటిమాటకు కాగితం ఎక్కడిది? పెద్దసారు ఏమీ ఎరగనట్టు మంచినీళ్ళు తాగుతున్నారు.

విచారణ సంఘం ఛైర్మన్ నా వైపు తిరిగాడు. “ఆ కన్ను బాగాలేదని నీకెవరూ చెప్పలేదా?”

“లేదండీ,” అన్నాను.

“మీరు చెప్పారా?” అని మాస్టారిని అడిగాడు.

తలెత్తి ఆయన్ని చూసే ధైర్యం నాకు లేకపోయింది.

“లేదు. మర్చిపోయాను,” అన్నారాయన.

తప్పు ఆయనదేనని రాశారు. ఆ మచ్చతోనే రిటైరయ్యారు. నన్ను పర్మనెంటు చేశారు.

రెండు నెలలకు, కాళ్ళు పట్టుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య తలుపు తీశారు.

“నువ్వా! రామ్మా. ఏం చెప్పను, చిన్న విషయం కూడా మరిచే మనిషి కాదు. అంత ముఖ్యమైంది ఎలా మర్చిపోయారోనని నాకు భయం పట్టుకుంది. ఏమైనా జబ్బేమోనని డాక్టరుకి చూపిస్తున్నాం. అడిగితే ఏం మాట్లాడరు. లోపలే ఉన్నారు, పిలవనా?”

“వద్దు పిన్నిగారూ,” అని మెట్లు దిగేశాను.