వయసుల బొమ్మలో అమ్మ

బాబుకు రెండేళ్లు నిండాక మళ్లీ ఉద్యోగంలో చేరాను. కొత్తగూడలో జనాభా సర్వేలు చేసే చిన్న సంస్థ అది. అంతకుముందు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. జనాభా లెక్కల గురించి ఓనమాలు కూడా తెలియవు. బాబును చూసుకోవడానికి అమ్మ కాకినాడ నుంచి వచ్చి తెల్లాపూర్‌లో మాతో ఉంటోంది. నాన్నకు ఇంకా సర్వీసు ఉండటంతో అక్కడే ఉన్నారు.

మా మేడమ్‌ది సిద్దిపేట వైపు. మొదటి వారమే మేముండే గేటెడ్ కమ్యూనిటీ సర్వే వివరాలు నా ముందు పెట్టారు. వయసులను ఐదేసి ఏళ్ల గుంపులుగా విడదీసి, పసిపిల్లలను అడుగున, పెద్దవాళ్లను పైన ఉంచి, మగవాళ్లను ఎడమకు, ఆడవాళ్లను కుడికి పట్టీలుగా గీయమన్నారు.

గీశాను. బొమ్మ నడుము దగ్గర ఉబ్బింది. అది తేలిగ్గానే అర్థమైంది: ఉద్యోగాలకు వచ్చిన మా వయసువాళ్లమే. కానీ యాభై ఐదు దాటాక ఆడవాళ్ల పట్టీ మగవాళ్ల దానికన్నా బాగా పొడుగ్గా ఉంది. తప్పు చేశానేమోనని మళ్లీ గీశాను. అదే వచ్చింది.

"ఆడవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారు కదా మేడమ్, అందుకేనేమో."

"ఆ వయసుల గంత తేడా రాదమ్మా. ఒక జాగల జనం మారిన్రంటే పుట్టుడో, చచ్చుడో, వచ్చిపోవుడో ఉంటది. ఇది ఏందో నువ్వే జూడు."

ఇక్కడికి వచ్చి ఎన్నాళ్లయిందన్న ప్రశ్న సర్వేలో ఉంది. ఆ ఆడవాళ్ల జవాబులు విడిగా తీశాను. చాలామంది ఈమధ్యే వచ్చారు. దాదాపు అందరి ఇళ్లలోనూ పసిపిల్లలున్నారు. అప్పుడు వెలిగింది. వీళ్లంతా మనవల కోసం వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు. మా అమ్మ కూడా ఆ పట్టీలోనే ఉంది.

ఆ సాయంత్రం అమ్మకు బొమ్మ చూపించాను.

"ఇంతమందిమి ఉన్నామా? మరి నాకొక్కరూ కనపడరేమే?"

"ఎవరి ఫ్లాట్లో వాళ్లు తలుపేసుకుని ఉంటున్నారు కదమ్మా."

అమ్మ ఆ పొడుగు పట్టీ మీద వేలు పెట్టి చూసింది. తర్వాత మెల్లగా అంది, "పలకరించే మనిషి లేక, వెళ్లిపోదామా అని ఎన్నిసార్లు అనుకున్నానో." ఆ మాట నాతో అనడం అదే మొదలు.

మర్నాడు మేడమ్‌తో ఇదంతా చెప్పాను. "బొమ్మ గీసి ఊకుంటవా? మీ కమిటీకి చూపియ్యి," అన్నారు.

ఆదివారం మా కమ్యూనిటీ కమిటీ మీటింగులో చూపించి, పగటిపూట ఖాళీగా ఉండే క్లబ్‌హౌస్ గదిని ఈ అమ్మమ్మలకు, నానమ్మలకు ఇవ్వమని అడిగాను. "ఇంతమంది పెద్దవాళ్లు ఉన్నారని మాకే తెలీదండీ," అన్నారు సెక్రటరీ. గది ఇచ్చారు.

మొదటిరోజు అమ్మ బాబును ఎత్తుకుని బెరుగ్గా వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. గదిలో కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ, ఆమె మనవరాలు తప్ప ఎవరూ లేరు.

"ఏ ఊరక్కా మీది? మా బిడ్డ, అల్లుడు తప్ప నాకీడ ఒక్కలు ఎరుక లేరు," అందామె.

"మాది కాకినాడండి. రండి, ఇలా కూర్చోండి," అంది అమ్మ.

ఇద్దరూ కలిసి మిగతా బ్లాకుల్లో తలుపులు తట్టారు. కొన్నాళ్లకు గదిలో పరిచిన చాపలు చాలలేదు.

ఇప్పుడు మేడమ్ నాకు ఒక్కో గుంపును ఐదేళ్లు పైకి జరిపి, రాబోయే జనాభాను అంచనా వేయడం నేర్పిస్తున్నారు. మొన్న ఆ పని త్వరగా ముగించి ఇంటికొస్తే తాళం వేసి ఉంది. ఫోన్ చేశాను. అవతల నవ్వులు, పిల్లల కేకలు.

"కాస్త ఆగవే," అంది అమ్మ. "కరీంనగర్ ఆవిడ వేడివేడి సర్వపిండి తెచ్చారు. తినేసి వస్తాను."