నేనే తీసి ఇచ్చిన పతకం

పదేళ్ల కిందటి మాట. నల్గొండలో ఇంటర్ చదువుతూ రాష్ట్రస్థాయి పరుగు పందెంలో మొదటి స్థానం సాధించాను. గెలిచిన అమ్మాయికి శిక్షణ ఖర్చంతా పెట్టుకుంటామని ఒక బూట్ల కంపెనీ ముందే చెప్పింది. అది రాకపోతే నాకు మళ్లీ పత్తి చేలో కూలి పనే గతి.

ఫొటోకు ముందు నా నల్లటి ముఖానికి పౌడర్ పూశారు. చెమటకు అది చారలు కట్టింది. పత్రిక ఫొటోగ్రాఫర్ కెమెరా దించి, "గీ రంగు పేపర్ల మంచిగ రాదు సార్. మూడో నంబరొచ్చిన పిల్లను పిలువుండ్రి" అన్నాడు. కంపెనీ ఆయన నావైపు తిరిగి, "నీ పతకం జర ఆమెకియ్యమ్మా, ఒక్క నిమిషం" అన్నాడు.

కాదంటే సాయం పోతుందని భయపడి, నేనే తీసి ఆ తెల్లటి అమ్మాయి మెడలో వేశాను. "పేరు నాదే రాస్తరు గద సార్?" అని బతిమాలాను. ఫొటోగ్రాఫర్ అప్పటికే కెమెరా ఎత్తాడు.

మర్నాడు పేపర్లో ఫొటో ఆమెదే, పేరూ ఆమెదే. తర్వాత సాయమూ ఆమెకే వెళ్లింది. చదువు రాని మా బాపు ఊరంతా చూపించాలని నాలుగు పేపర్లు కొనుక్కొచ్చాడు. ఫొటో మీద వేలు పెట్టి, "నువ్వేడున్నవ్ బిడ్డా?" అని అడిగాడు.

ఎవరైనా లాక్కుని ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. నా చేత్తో నేనే ఇచ్చాను.