పాడైన డెబ్భై షీట్లు

కరోనా తగ్గిన రెండో ఏడు, ఎండాకాలం. మార్కాపురంలోని మా ఆఫ్‌సెట్ ప్రెస్‌లో అప్పట్లో పెళ్లి కార్డులు, పలకల పెట్టెలకు అంటించే లేబుళ్లు, బడుల కరపత్రాలు తప్ప వేరే పని ఉండేది కాదు. అచ్చు పనంటే రంగులూ కాగితాలూ అనుకుంటారు చాలామంది. నన్నడిగితే అందులో సగం భయమే. మెషిన్ తిరగడం మొదలయ్యాక తప్పు ఒకటితో ఆగదు, వెయ్యి అవుతుంది. అయితే ముప్పై ఏళ్లలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టిన పనిలో అచ్చు తప్పు ఒక్కటి కూడా లేదు.

ఆ పని తెచ్చిన అమ్మాయి పేరు షాహీన్. కంభం పిల్ల, డిగ్రీ అయిపోయింది. ఇద్దరు స్నేహితులతో కలిసి ముస్లిం యువత కోసం ‘గడప’ అని ఒక పత్రిక పెట్టింది. వెనక ఏ పార్టీ లేదు, ఏ సంఘమూ లేదు. ఉర్దూలో కాకుండా తెలుగులో ఎందుకమ్మా అని అడిగితే, “ఇంట్లో మాట్లాడేది ఉర్దూనే మామా, మాలో చానామందికి చదవను రాదు” అంది. ప్రూఫులు చూస్తూ నేనూ చదివాను. బురఖా వేసుకుని గిద్దలూరు బస్సులో కాలేజీకి పోయే అమ్మాయి, తన పక్క సీటు ఎందుకు ఖాళీగా ఉంటుందో రాసింది. తర్లుపాడు దగ్గర పలకలు కోసే యువకుడు ఆ రాతిదుమ్ముతో పట్టుకున్న తన దగ్గు మీద తానే జోకులు వేసుకున్నాడు. ఇన్నేళ్లూ ఇదే ఊళ్లలో తిరుగుతూ ఇవేవీ నాకు తెలియలేదే అని సిగ్గేసింది.

వాళ్ల మసీదు పెద్దకు ఈ పత్రిక సంగతి మింగుడు పడలేదు. ఆడపిల్లలు పేర్లు వేసుకుని రాయడమేమిటని ఆయన అభ్యంతరం. షాహీన్ నాలుగైదు సార్లు తిరిగి ఒప్పించింది. ఒప్పుకుంటూనే ఆయన ఒక మెలిక పెట్టాడు. దీనివల్ల ఊళ్లో ఒక్క మాట వచ్చినా మొదటి సంచికే ఆఖరిది. అది నాకు చెబుతున్నంతసేపూ ఆ పిల్ల చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూనే ఉంది.

ముఖపత్రం రెండు రంగులు. ఒక్కో రంగుకు ఒక్కో ప్లేట్. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడాన్ని రిజిస్ట్రేషన్ అంటాం. అది కుదిరేదాకా కొన్ని షీట్లు పాడవుతాయి. ఒకవైపే అచ్చయిన ఈ వేస్టేజ్‌కు మా ఊళ్లో మంచి గిరాకీ, ఎందుకంటే తెల్లగా ఉన్న రెండోవైపు తినేవి కట్టడానికి పనికొస్తుంది. శుక్రవారం అచ్చు పూర్తయింది. శనివారం పొద్దున్నే పాత కాగితాలు కొనే కాశయ్య ఎప్పటిలాగే వచ్చి కట్ట సైకిల్‌కు కట్టుకుని పోయాడు.

పదింటికి షాహీన్ వచ్చింది. ముఖపత్రం చూసి మురిసిపోయింది. అంతలోనే చుట్టూ వెతికింది.

“పాడైన కాయితాలు యాడ పెట్టినావు మామా?”

ఇచ్చేశానని చెప్పాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. ముఖపత్రం పైన అరబ్బీలో ఒక వరుస ఉంది. అది దేవుడి వాక్యం. నాకు ఆ లిపి రాదు కాబట్టి నా కళ్లు దాన్ని అందమైన అంచు లాగే చూశాయి. “అది కాలి కింద పడగూడదు మామా. బజ్జీల పొట్లమై ఏ బస్టాండులోనో కనపడితే మా పెద్దాయన ఏమంటాడు?” అంది.

పాడైన పెళ్లి కార్డుల మీద వెంకటేశ్వరస్వామి ఉంటే మా నాయన వాటిని వేరే గంపలో వేసి, శ్రీశైలం పోయినప్పుడు కృష్ణలో కలిపేవాడు. ఆ అలవాటు నేనూ తప్పలేదు. నా దేవుడికి గంప ఉంది. ఆమె దేవుణ్ణి కాశయ్య సైకిల్ ఎక్కించాను.

మెషిన్ కౌంటర్ చూశాను. ఎన్ని షీట్లు తిరిగాయో అందులో పడుతుంది. మంచివి తీసేస్తే పాడైనవి డెబ్భై. ఆటో మాట్లాడుకుని కాశయ్య ఇంటికి పరుగెత్తాం. అక్కడ యాభై ఎనిమిది దొరికాయి. మిగతావి తర్లుపాడు ఆటోలు ఆగేచోట బజ్జీల బండి అంకమ్మకు ఇచ్చాడట. దారిలో షాహీన్ ఫోన్ రెండుసార్లు మోగింది, ఇంటినుంచే. తీయలేదు. నేను రోడ్డు మీద పొట్లం పట్టుకున్న ప్రతి చేతినీ చూస్తూ కూర్చున్నాను.

మేం వెళ్లేసరికి బండి చుట్టూ జనం. అంకమ్మ పాత న్యూస్‌పేపర్లలో పొట్లాలు కడుతోంది. మా షీట్ల సంగతి అడిగితే చేతులు తుడుచుకుని, బండి పై అరలో దేవుడి పటం పక్కనుంచి తెల్లగుడ్డ కప్పిన కాగితాల చుట్ట తీసింది. పదకొండు షీట్లు నలగకుండా ఉన్నాయి. వాటి మీద చింపిన ముక్క ఒకటి. అరబ్బీ వరుస మొత్తం ఆ ముక్కలోనే ఉంది.

“ఒకటి చింపి పొట్లాలు కడతా ఉంటే ఈ రాత కంటబడింది నాయనా. ఇంగ చేయి ఆడలే” అంది.

నీకెట్ల తెలిసిందని అడిగాను. “నాకు ఏ రాతా రాదు. సాయిబుల గుమ్మాల మీద ఇట్లనే ఉంటది గదా. ఎవురి దేవుడైతే ఏంది, నూనె చేతుల్తో ముట్టేదానికా?”

షాహీన్ అక్కడే ఏడ్చేసింది. అక్షరాలు అమ్ముకుని బతికే నాకు కనపడనిది ఆ ముసలామెకు కనపడింది.

ఎవరికీ తెలియలేదు కదా, ఊరుకుందామన్నాను. షాహీన్ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమే కంభంలో పెద్దాయన ముందు కూర్చుని అంతా తనే చెప్పింది. పక్కన నాకు చెమటలు. ఆయన షీట్లన్నీ లెక్కపెట్టుకుని, చింపిన ముక్కను మాత్రం చాలాసేపు చేతిలో ఉంచుకున్నాడు. వాటిని ఖబరస్తాన్‌లో, వాళ్ల శ్మశానంలో, కాలు పడనిచోట పూడ్చమని చెప్పి లేచాడు. పత్రిక ఆపమని అనలేదు.

అప్పటినుంచి మా ప్రెస్‌లో ఎవరు పని తెచ్చినా మెషిన్ ఎక్కించకముందే ఒక ప్రశ్న అడుగుతాను: ఇందులో కింద పడకూడనిది ఏమన్నా ఉందా అని. కొందరు దేవుడి బొమ్మ చూపిస్తారు. కర్మ కార్డు తెచ్చినవాళ్లు చనిపోయిన తల్లి ఫోటో మీద వేలు పెడతారు. రెండో సంచిక తెచ్చినప్పుడు షాహీన్‌నూ అడిగాను. ఆ పిల్ల ముఖపత్రం వైపు చూడలేదు. బస్సులో ఒంటరిగా కూర్చునే అమ్మాయి ఈసారీ రాసింది, ఆ పేరున్న పేజీ తీసి, అక్కణ్ణుంచి చివరిదాకా ఒక్కో పేజీ తిప్పుతూ పోయింది.

“అన్నీ, మామా” అంది.