మా పాప అన్నానికి సంఘమంతా ప్రార్థన

మా పాప అన్నం తినదు. ఈ మాట నేను చెప్పినన్ని సార్లు ఆళ్లగడ్డలో ఇంకెవరూ ఏ మాటా చెప్పి ఉండరు. పాలాయనకు చెప్పాను. ఆటోలో పక్కన కూర్చున్న ఆవిడకు చెప్పాను. కరెంటు రీడింగుకు వచ్చిన అబ్బాయికీ చెప్పాను. అతనేం చేస్తాడు పాపం, మీటరు చూసుకుని వెళ్లిపోయాడు.

పాపకు అప్పుడు ఎనిమిదేళ్లు. నేను శిరివెళ్ల మండలంలో ఒక పల్లె బడిలో టీచరును. పొద్దున్నే బస్సు అందుకోవాలి. ఆ హడావుడిలోనే పళ్లెం పట్టుకుని దాని వెంటపడేదాన్ని. మంచం దగ్గరొక ముద్ద, వాకిట్లో ఒక ముద్ద, బాత్రూము తలుపు దగ్గర ఇంకొకటి. "ఒక్క ముద్దమ్మా, మా బంగారు కదా" అని మొదలుపెట్టి, "మింగుతావా, ఈపు పగలాల్నా?" అని ముగించేదాన్ని. అది మాత్రం ముద్దను బుగ్గలో దాచుకుని గోడవైపు చూస్తూ నిలబడేది. చివరికి దాని పళ్లెంలో మిగిలింది, గిన్నె అడుగున ఉన్నది కలిపి, వంటింట్లో నిలబడే నోట్లో కుక్కుకుని బస్సుకు పరిగెత్తేదాన్ని.

బడిలో నా గొప్ప చూడాలి. తల్లుల మీటింగు పెట్టి, "పిల్లల్ని బలవంతం చేయొద్దమ్మా, ఇంటిల్లిపాదీ కలిసి కూచోని తినండి" అని చెప్పేది నేనే. వాళ్లు బుద్ధిగా తలలూపేవాళ్లు.

నవ్వులాట కాదు, నాకు నిజంగానే భయంగా ఉండేది. స్నానం చేయిస్తుంటే దాని పక్కటెముకలు చేతికి తగిలేవి. ఈ పిల్లకు ఏదో జబ్బు ఉంది, నేను కనిపెట్టలేకపోతున్నాను అని కుమిలిపోయేదాన్ని.

ఒక సెలవురోజు నంద్యాలలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. బస్సులో పాప కిటికీ పక్కన కూర్చుని బొరుగుల పొట్లం మొత్తం ఖాళీ చేసింది. దాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. బొరుగులు కూడా ఒక తిండేనా! డాక్టరు బరువు చూశాడు, ఎత్తు చూశాడు, రక్తం పరీక్ష చేయించాడు.

"పాప బాగుందమ్మా. ఎంటబడి తినిపించొద్దు. అందరూ కలిసి కూచోని తినండి, అదే తింటాది" అన్నాడు.

"టానిక్కు?"

"అక్కర్లేదు."

"మాత్రలన్నా రాయండి సార్."

"వద్దమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. అంత దూరం పోతే, బడిలో నేను చెప్పే మాటలే నాకు అప్పజెబుతాడా!

ఇంటికి రాగానే మా అత్త అడిగింది: "ఏం మందిచ్చినాడు?"

"ఏమీ ఇయ్యలేదత్తా."

"అంత దూరం ఎందుకు పొయినట్లు మరి? ఆదివారం చర్చిలో చెప్పు. సంఘమంతా ప్రార్థన చేస్తే ఆకలి పుట్టకుండా యాడికి పోతాది?"

మా చర్చిలో ఆదివారం పాటలయ్యాక, ప్రార్థన అవసరతలు ఉన్నవాళ్లు చెప్పమని పాస్టరయ్య అడుగుతారు. చాపల మీద నుంచి ఒక్కొక్కరే లేస్తారు. ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరికి బోరులో నీళ్లు పడాలి, ఒకరి బర్రె ఈనాలి. అందరూ గొంతెత్తి ప్రార్థిస్తారు. అంతటితో వదలరు, వారమంతా ఎక్కడ కనబడితే అక్కడ ఆపి ఎట్లుందని అడుగుతారు. నేను లేచి, "మా పాప అన్నం తినల్ల, ప్రార్థన చేయండి" అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. "ప్రభువా, ఆ బిడ్డకు ఆకలి పుట్టించు!" అని ముసలమ్మలు చేతులెత్తి అరుస్తుంటే, పాప తల దించుకుని చాప అంచు పీకుతూ కూర్చుంది.

ఇక ఆ వారం చూడాలి మా ఇల్లు! ఒకావిడ రాగి సంగటి తెచ్చింది, ఇంకొకావిడ సంగటిలోకి నంజుకోవడానికి శెనక్కాయల ఊరిబిండి నూరి తెచ్చింది, మరొకావిడ ఉడికించిన గుడ్లు తెచ్చి పొట్టు తీసి మరీ నిలబడింది. వీధిలో ఒక పెద్దాయన బండి ఆపి, పాప పొట్ట వంక పరీక్షగా చూసి, "ఇంగా ఏం పెరగలేదే" అన్నాడు. వాకిట్లో చెప్పుల చప్పుడైతే చాలు, పాప మంచం కిందికి దూరేది. బడికి పెట్టిన క్యారియరు మూత తీయకుండానే తిరిగొచ్చేది. అంతకుముందు నాలుగు ముద్దలైనా దిగేవి, ఇప్పుడు అవీ పోయాయి. నా చేతులారా పిల్లను చెడగొట్టుకున్నానేమోనని కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆదివారం పొద్దున అది మొండికేసింది. "చర్చికి రానుమా. అందరూ నా కడుపే చూస్తాండారు."

వినిపించుకోకుండా రెక్క పట్టుకుని లాక్కుపోయాను.

పాస్టరయ్య అవసరతలు అడగ్గానే, నేను లేచేలోపే పాప లేచి నిలబడింది. గౌను సర్దుకుంది. దేవుడే బిడ్డ చేత మాట్లాడిస్తున్నాడని నేను పొంగిపోయాను. మా అత్తయితే అది నోరు తెరవకముందే "స్తోత్రం" అనేసింది.

"మా అమ్మ అన్నం తినల్ల" అంది పాప. "దినామూ గిన్నెలో ఉండేది నిలబడే తింటాది. నా ఎంటనే తిరుగుతాది గానీ, కూచోదు. మా అమ్మ నా పక్కన కూచోని తినల్లని ప్రార్థన చేయండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరయ్య గొంతు సవరించుకుని చేతులెత్తారు. ఆ వెంటనే సంఘమంతా అందుకుంది: "ప్రభువా, ఆ తల్లిని కూచోబెట్టు!" సిగ్గు, కోపం, ఏడుపు మూడూ ఒక్కసారే వచ్చాయి. ఇంటికి రా, నీ పని చెబుతా అనుకుంటూనే దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఇంటికొచ్చి కోడికూర దించానో లేదో, సంగటి తెచ్చిన ముసలమ్మ గడపలో ప్రత్యక్షమైంది. "ఏం టీచరమ్మా, కూచున్న్యావా?" అని అడిగి, చూసిగానీ కదలనన్నట్టు అక్కడే చతికిలబడింది. ఇంక తప్పుతుందా! రెండు పళ్లాలు పెట్టుకుని పాప పక్కన కూర్చున్నాను. అది ఎవరూ అడగకుండానే సంగటి తుంచి కూరలో అద్దుకుని తింటోంది. నేను ముద్ద నోట్లో పెట్టుకుని, మింగడం మరిచి దాన్నే చూస్తూ ఉండిపోయాను.

పాప నా వైపు తిరిగింది.

"నన్ను చూడాకుమా, నీది నువ్వు తిను" అంది. "ముద్ద బుగ్గలో పెట్టుకోవాకు. మింగు."