మార్లీకి నేను చెప్పిన తప్పు మాట

మార్లీ స్టేమీ మా స్కూలు బస్సు ఎక్కడం మొదలుపెట్టేనాటికి ఆరేళ్ళది. డ్రైవరును నేనే. నా వెనక సీట్లో కూర్చుని, మలుపులో అంత ముందే బ్రేకెందుకు వేస్తారని రోజూ నా ప్రాణం తీసేది. ముప్ఫై ఒక్క ఏళ్ళ నా సర్వీసులో నా డ్రైవింగుకు వంక పెట్టింది ఆ ఒక్క పిల్లే.

వాళ్ళమ్మ మేజోళ్ళ మిల్లులో పనిచేసేది. పదిహేనో ఏట మార్లీ మేనమామ పాత రేసుకారు చేతికి తీసుకుంది. మా ట్రాకులో మగవాళ్ళు మొదట నవ్వారు, తరవాత తిట్టారు. పందొమ్మిదో ఏడు వచ్చేసరికి నోళ్ళు మూసుకుని, ఆమె కారు టైర్లు ఎలా అరుగుతున్నాయో చూడటానికి వచ్చేవాళ్ళు.

నేను రిటైరయ్యాక తన కారుకు స్పాటర్‌గా ఉండమంది. హెల్మెట్‌తో, సీటుకు రెండువైపులా దన్నులతో డ్రైవరుకు పక్క కారు కనపడదు. జనం కూర్చునే స్టాండు కప్పుమీద నిలబడి రేడియోలో చెప్పేవాడే ఆమెకు కళ్ళు. లోపలివైపు పక్కనే కారుంటే ‘లోపల’ అనాలి, దాటేశాక ‘క్లియర్’ అనాలి. ఆ మాట వినగానే ఆమె కారును లోపలికి తిప్పెయ్యాలి. అనుమానించి ఆగే డ్రైవరు ఈ ఆటలో గెలవడు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం రేసుకు బర్ల్ హాలిఫీల్డ్ వచ్చాడు. పెద్ద టీము యజమాని, తన టీములో ఒక కారు సీటుకు మార్లీ పనికొస్తుందేమో చూసిపోదామని వచ్చినవాడు. ఇంకా పదకొండు రౌండ్లున్నాయనగా ఆమె ఒక ఆకుపచ్చ కారును బయటివైపు నుంచి దాటుతోంది. నేను ‘క్లియర్’ అన్నాను. ఆ కారు ముక్కు ఇంకా ఆమె వెనక చక్రం పక్కనే ఉంది. మార్లీ లోపలికి దిగింది, తగిలింది, తిరిగి తిరిగి గోడకు గుద్దుకుంది.

దేవుడి దయవల్ల తనకేమీ కాలేదు. మైకు పట్టుకుని వచ్చినవాడితో, “తప్పు నాదేనండీ, తొందరపడ్డాను” అంది.

మా వాళ్ళు సగంమంది హెడ్‌ఫోన్లు పెట్టుకుని డ్రైవర్ల రేడియోలు వింటూనే రేసు చూస్తారు. నా మాట అందరూ విన్నారు, హాలిఫీల్డ్‌తో సహా. అంతమందికీ తెలిసిన అబద్ధాన్ని ఆ పిల్ల కళ్ళార్పకుండా చెప్పింది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మే డార్విన్ మాత్రం ఊరుకోలేదు, కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయావా అని నన్ను అడిగాడు. హాలిఫీల్డ్ రేసు అయ్యేదాకా ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆ టీములో సీటు పోతే మరోటి వస్తుంది. నా భయం వేరే. స్పాటర్ మాట నమ్మి గోడకు గుద్దుకున్న డ్రైవరు కాలు మళ్ళీ ఎవరి మాటా నమ్మదు. అలా ముగిసిపోయినవాళ్ళను ఇద్దరిని చూశాను. వేరే మనిషిని చూసుకోమని మార్లీతో చెప్పాను.

ఆమె కారు కింద నుంచి తల కూడా బయటపెట్టలేదు. “మూడేళ్ళుగా వేలసార్లు సరిగ్గా చెప్పారు, మిస్టర్ హార్లన్. ఒక్కసారి తప్పిందని కొత్తవాణ్ణి ఎక్కడ వెతకను? ఆ పాడు నిచ్చెన ఎక్కేదెవరు?” అంది.

మూడు వారాలకు మళ్ళీ ఆ కప్పు ఎక్కాను. కింద హాలిఫీల్డ్ కూర్చుని ఉన్నాడు. భయంతో రెండుసార్లు ఆలస్యంగా చెప్పాను. “మీరు కునుకు తీస్తున్నారా?” అని రేడియోలో అడిగింది.

చివర్లో అదే మలుపు, అదే ఆకుపచ్చ కారు. దాని ముక్కు పూర్తిగా వెనకబడేదాకా చూశాను. ‘క్లియర్’ అన్నాను. మాట పూర్తికాకముందే కారు లోపలికి దిగింది. ఇంజను మోత రవ్వంతైనా తగ్గలేదు. యాక్సిలరేటర్‌మీంచి కాలు కాస్త ఎత్తి ఉన్నా కప్పుమీదున్న నాకు తెలిసేది. అక్కడే నిలబడి ఏడ్చేశాను.

రెండో స్థానం వచ్చింది. హాలిఫీల్డ్ కారు దగ్గరికొచ్చి, “మళ్ళీ ఈయన మాటమీద దిగినదానివి, మావాడి మాటమీదా దిగుతావులే” అని సీటిచ్చాడు.

ఇప్పుడామెకు వేరే మనిషి చెబుతాడు, నేను ఇంట్లో వింటాను. ఆ పిల్లకు జన్మంతా రుణపడి ఉంటాను. నన్ను క్షమించిందని అందరూ అంటారు. క్షమించినవాళ్ళు కూడా తిప్పేముందు ఒకసారి కారు అద్దంలో సరిచూసుకుంటారు. ఆమె చూసుకోలేదు.