ఈ సంచి ఎవరిది?

డ్రిల్లు సార్ పోయారన్న సంగతి పోయిన మంగళవారం పొద్దున, ఆఫీసు మెట్లెక్కుతుండగా తెలిసింది. మా అటెండరక్క రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ ఎదురొచ్చింది. "మేడం, మన డ్రిల్లు సార్ పోయిండంట. పొద్దుగాల ఛాయ్ తాగుకుంటనే కూలబడ్డడంట," అంది. నా చూపు ముందు ఆమె కుడికాలి మీదికి పోయింది. నాలుగేళ్లుగా ఆ కాలిని చూసినప్పుడల్లా నాకు సారే గుర్తొస్తారు. ఆయన ఉన్నంతకాలం ఆయనకు చెప్పని ముచ్చట ఒకటి నా దగ్గరుంది. ఇప్పుడు చెప్పడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు. అయినా చెబుతున్నాను.

నారాయణగూడలో మాదొక సర్కారు ఆఫీసు. మూడో అంతస్తుకు నేను సూపరింటెండెంట్‌ని. బాంబు బెదిరింపు వచ్చినా, నిప్పంటుకున్నా, వరద నీళ్లు లోపలికొచ్చినా ఆఫీసుల్లో వాళ్లు ఏం చెయ్యాలో నేర్పడానికి సర్కారు పంపే మనిషి మా డ్రిల్లు సార్. ఏళ్ల తరబడి ఫైరింజన్ మీద పనిచేసి రిటైరయ్యారు. మెడలో విజిలు, జేబులో చిన్న టార్చి, కాళ్లకు ఎప్పుడూ లేసులు బిగించిన బూట్లు. ఆయన వస్తున్నారంటే మేము, "వచ్చిండు, ఇగ అందర్ని ఎండల నిలబెడ్తడు" అని నవ్వుకునేవాళ్లం.

మొదటిసారి ఆయన నేర్పడానికి వచ్చినట్టు రాలేదు. అర్జీ పెట్టుకునే పెద్దమనిషిలా వచ్చి, కౌంటరు ముందు బెంచీ మీద కాసేపు కూర్చుని, కాళ్ల దగ్గర ఒక నీలం సంచి వదిలేసి వెళ్లిపోయారు. మధ్యాహ్నం దాకా ఆ సంచి అక్కడే ఉంది. ఒకాయన దాని మీద కాళ్లు చాపుకున్నాడు. ఒకావిడ దానికి గొడుగు ఆనించింది. చివరికి నడిచే దారికి అడ్డంగా ఉందని నేనే దాన్ని తెచ్చి నా బల్ల కింద, నా టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకున్నాను. సార్ తిరిగొచ్చి, బల్ల కిందికి వంగి సంచి లాగి, అందులోంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చారు. 'ఈ సంచి ఎవరిది?' అని రాసి ఉంది దాని మీద.

"ఇంతమందిల ఒక్కరు గూడ అడగలే గదమ్మా," అన్నారు. "అడిగితే నోరేమన్న అరిగిపోతదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత కొన్నాళ్లు మా ఆఫీసులో చేతిరుమాలు కిందపడ్డా, "ఇది ఎవరిది?" అని అరిచేవాళ్లం. సార్ మాత్రం దాన్ని ఆటగా తీసుకోలేదు. వాళ్లింట్లో కూడా అదే అలవాటట.

ఆయన ఇల్లు అశోక్ నగర్‌లో, మాది చిక్కడపల్లి. సాయంత్రాలు ఒక్కోసారి కలిసి నడిచేవాళ్లం. ఆయనతో బయల్దేరితే ఒక పట్టాన ఇల్లు చేరం. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టళ్ల ముందు ఆగి, మెట్ల దగ్గర బండ్లు పెట్టించిన ఓనర్లతో పంచాయితీ పెట్టుకునేవారు. "అన్నా, జర ఆ బండ్లు అవుతల పెట్టియ్యి. నిప్పంటుకుంటే పోరగాండ్లు ఎట్ల దిగాలె?" పెద్దాయనకు పనీపాటా లేదని వాళ్లు విసుక్కునేవారు. సార్ మర్నాడు మళ్లీ ఆగేవారు. సార్ వాళ్లింటి మెట్ల మీద చెప్పులన్నీ గోడ పక్కనే ఉండాలి. అవతలి పక్క ఒక్క చెప్పు కనిపించినా ఆయనే వంగి తీసేవారు. "ఆపద అర్జీ పెట్టుకొని రాదమ్మా," అనేవారు.

మూడు నెలలకోసారి ప్రతి ఆఫీసూ తనంతట తాను డ్రిల్లు చెయ్యాలి. గంట కొట్టి, అందరినీ వెనక మెట్ల మీదుగా దించి, కింద తలలు లెక్కపెట్టి, రిజిస్టరులో సంతకాలు తీసుకుని సార్‌కు పంపాలి. ఆయన చూసి దాని కింద తన సంతకం పెట్టేవారు. మా అంతస్తు బాధ్యత నాది. నాలుగేళ్ల కిందటి మార్చిలో ఊపిరి సలపనంత పని. వెనక మెట్ల నిండా పాత ఫైళ్ల మూటలు, విరిగిన కుర్చీలు. వాటిని తీయించాలంటే మళ్లీ ఒక నోట్ పెట్టాలి, మనుషుల కోసం తిరగాలి. నేనేం చేశానంటే, రిజిస్టరును సీటు సీటుకూ తిప్పి సంతకాలు పెట్టించాను. ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. 'డ్రిల్లు జరిగినది. వెనుక మెట్లు ఖాళీగా ఉన్నవి' అని నా చేత్తో రాశాను.

సార్‌కు అప్పుడు మోకాళ్ల నొప్పులు. స్వయంగా రాలేక ఫోన్ చేశారు.

"వెనక మెట్లు ఖాళీ చేయించినవా అమ్మా?"

"చేయించిన సార్."

"నువ్వు కండ్లార చూసినవా?"

"చూసిన సార్."

"అయితే పంపియ్యి, సంతకం చేస్త. నువ్వు చూస్తే నేను చూసినట్టే."

ఆ వానాకాలం ఒక ఉదయం, ముందు మెట్ల దగ్గరున్న కరెంటు బోర్డు నుంచి పొగ లేచింది. చూస్తుండగానే వరండా నిండిపోయింది. సార్ చెప్పింది ఎవరూ మరిచిపోలేదు. అందరూ వెనక మెట్ల వైపే పరుగెత్తారు. అక్కడ దారి లేదు. మూటల మీది నుంచి ఒకరినొకరు తోసుకుంటూ దిగారు. అటెండరక్క ఒక మూట మీద కాలు జారి పడింది. ఆమెను దాటుకుని చాలామంది దిగారు. నేనూ దాటే దిగాను. ఎవరి ప్రాణమూ పోలేదు గానీ, ఆమె కుడికాలి ఎముక రెండు చోట్ల విరిగింది. పాలమూరు నుంచి వచ్చి రాంనగర్‌లో కిరాయికుండే మనిషి, ఆర్నెల్లు మంచం దిగలేదు.

విచారణలో పెద్దాఫీసరు నన్ను అడిగారు. "డ్రిల్లు చేసినం సార్. తర్వాత ఎవరో మళ్ల మూటలు పెట్టిండ్రు," అన్నాను. మాట తడబడలేదు. మిగతావాళ్లూ పెదవి విప్పలేదు. విప్పితే వాళ్ల సంతకమూ అబద్ధమే అవుతుంది. కూర్చున్న చోటే పెట్టిన ఆ సంతకాల్లో అటెండరక్కదీ ఉంది. తర్వాత సార్‌ను అడిగారు, మెట్లు మీరు చూశారా అని.

"చూడలేదు సార్. నేను పోయి చూడాల్సుండె. తప్పు నాదే," అన్నారు.

నేను రెండు కుర్చీల అవతల తల వంచుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఆయన్ను ఏ ఆఫీసుకూ పిలవలేదు.

నేను దారి మార్చేశాను. చుట్టు తిరిగైనా ఆయన కంట పడకుండా ఇంటికి పోయేదాన్ని. చిక్కడపల్లి కూరగాయల దగ్గర రెండు మూడుసార్లు దొరికిపోయాను. ప్రతిసారీ ఒకే మాట అడిగారు, "ఏమ్మా, అక్క కాలు ఎట్లున్నది?" అని. మంచిగనే ఉన్నదని చెప్పి, బేరమాడకుండానే కూరలు తీసుకుని పారిపోయేదాన్ని.

మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా సార్ వాళ్లింటికి వెళ్లాను. టిఫిన్ డబ్బాతో పాటు ఆ రిజిస్టరు పేజీ జిరాక్సు సంచిలో పెట్టుకున్నాను. మెట్ల మీద లెక్కలేనన్ని చెప్పుల జతలు, అన్నీ గోడ పక్కనే ఉన్నాయి. లోపల వాళ్లావిడ చాప మీద కూర్చుని ఉంది. చుట్టూ పదిమంది ఉన్నారు. చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ, "సార్ చాలా మంచోరు" అన్నాను. అరగంట తర్వాత, "వస్తనమ్మా," అని లేచి గుమ్మం దాకా వచ్చాను. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఈ సంచి ఎవరిది?"

కుర్చీ కింద నా సంచి. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"నాదే అమ్మా," అని వెనక్కి వచ్చి, జిరాక్సు తీసి ఆమె ముందు పెట్టి, పదిమందిలోనే అంతా చెప్పాను. ఏడుపు ఆగలేదు. ఆమె ఆ కాగితం మీద సార్ సంతకాన్ని వేలితో ముట్టింది.

"నాలుగేండ్లు నన్ను ఒక్కటే అడిగిండు బిడ్డా," అంది. "గంత చెప్పినంక గూడ మెట్ల మీద మళ్ల ఎందుకు పెట్టిండ్రు, నేను చెప్పుట్ల ఏం లోపమున్నది అని. నాకేం ఎర్క? ఒక్కనాడన్న వచ్చి చెప్పకపోతివి."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే కొంత తేలికపడేదాన్నేమో. "నాకు చెప్తె ఏమొస్తది? చెప్పాల్సిన కాడ చెప్పు," అని కాగితం తిరిగిచ్చింది. మర్నాడు పొద్దున పెద్దాఫీసరుకు రాసిచ్చాను. నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. సార్ అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఆయనకు ఇక చేరదు.

ఆ సాయంత్రం ఆమె నా వెనకే మెట్ల దాకా వచ్చింది. ఎవరిదో చెప్పు ఒకటి ఇవతలి పక్కకు జరిగి ఉంది. ఆమె వంగబోయింది. నేనే ముందు వంగి, దాన్ని తీసి గోడ వారగా పెట్టి, కింది మెట్టు దాకా కళ్లారా చూసుకుని దిగాను.